మొదటి గీతకు ముందు ఎన్ని మంత్రాలు?

మన ఇంజనీరింగ్ కాలేజీల సీ భాష ల్యాబుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న తంతు ఒకటుంది. తెర మీద ఒక్క వలయం గీయాలంటే ముందు గ్రాఫిక్స్ హెడర్ ఫైలు చేర్చాలి. జీడీ, జీఎం అని రెండు పూర్ణాంకాలు ప్రకటించాలి. మొదటిదాంట్లో డిటెక్ట్ అని పెట్టాలి. తర్వాత ఇనిట్‌గ్రాఫ్ అనే ఫంక్షన్‌కు ఆ రెండింటి చిరునామాలూ, బీజీఐ (బోర్లాండ్ గ్రాఫిక్స్ ఇంటర్ఫేస్) ఫైళ్లున్న ఫోల్డరు దారీ ఇవ్వాలి. ఆ దారిలో బ్యాక్‌స్లాష్ ఒకటి కాదు, రెండేసి కొట్టాలి. రెండెందుకని అడిగితే "అది అంతే, రాసుకోండి" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. జీడీ ముందు ఆంపర్‌సాండ్ గుర్తు ఎందుకో పాయింటర్ల పాఠం వచ్చేదాకా చెప్పడానికి వీల్లేదు. దారిలో ఒక్క అక్షరం తప్పితే వలయం బదులు "గ్రాఫిక్స్ నాట్ ఇనిషియలైజ్డ్" అన్న కబురు వస్తుంది. అన్నీ సరిగ్గా రాసి చివర, మీట నొక్కేదాకా ప్రోగ్రామును ఆపి ఉంచే గెట్‌సీహెచ్ మరిచిపోతే వలయం కంటికి ఆనకముందే మాయం.

బోర్లాండ్ కంపెనీ ఈ బీజీఐని 1987లో తెచ్చింది. ఆ రోజుల్లో అది వరమే. కంప్యూటర్లో ఏ గ్రాఫిక్స్ కార్డున్నా అవే ఫంక్షన్లతో బొమ్మ గీసుకోవచ్చు. వీజీఏ తెరైతే 640 బై 480 చుక్కలు, 16 రంగులు. అయితే ఆ బీజీఐతో వచ్చే బోర్లాండ్ వారి టర్బో సీ 16 బిట్ల డాస్ సరుకు. 64 బిట్ల విండోస్ మీద అది నేరుగా నడవదు కాబట్టి డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపిస్తారు. కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్ వేషం కట్టించి, అందులో వలయం గీయించడం అన్నమాట. గొడుగు పట్టుకుని వానలో నడిచే మనిషి బొమ్మ ఎన్ని ల్యాబ్ రికార్డుల్లో చేతులు మారిందో లెక్కలేదు. ఆ మనిషి కాళ్లను ఏ వరుస కదిలిస్తోందని వైవాలో అడిగితే మాత్రం చాలామంది నేల చూపులు చూస్తారు.

బొమ్మలతో ప్రోగ్రామింగ్ నేర్పాలన్న ఆలోచనలో లోపం లేదు. ఉన్నదల్లా పనిముట్టు ఎంపికలో. ఎంచుకునేటప్పుడు సాధారణంగా వేసే ప్రశ్న "దీంతో ఏమేం గీయొచ్చు?" అని. ఆట చేయొచ్చా, త్రీడీ ఉందా, శబ్దం వస్తుందా అని ఆరా తీస్తారు. మొదటి నెలలో ఇవేవీ అక్కరకు రావు. అప్పుడు చూడాల్సింది వేరు. రాసిన వరుసకూ తెర మీద పడిన గీతకూ మధ్య దూరమెంత? విద్యార్థి పొరపాటు చేస్తే ఆ పొరపాటు ఏ రూపంలో కనిపిస్తుంది?

రెండో ప్రశ్నకు త్రిభుజమే మంచి ఉదాహరణ. పైథాన్‌తో పాటే వచ్చే టర్టిల్ మాడ్యూల్ తీసుకుందాం. తెర మధ్యలో ఒక బాణం గుర్తు ఉంటుంది, దాన్ని తాబేలు అనుకోవాలి. ముందుకు 100 అంటే 100 అడుగులు నడుస్తుంది, నడిచిన మేర గీత పడుతుంది. ఎడమకు 90 అంటే నిలుచున్న చోటే అంత తిరుగుతుంది. సమబాహు త్రిభుజం గీయమని తరగతికి చెబితే ఎక్కువమంది 60 డిగ్రీలు తిప్పుతారు. బడిలో చదివింది అదే కదా, ప్రతి కోణమూ 60. తాబేలు ముందుకు, తిరుగు, ముందుకు, తిరుగు, ముందుకు అంటూ మూడు గీతలు గీసి ఆగిపోతుంది. తెర మీద త్రిభుజం ఉండదు, మూత తీసిన గిన్నె లాంటి ఆకారం ఉంటుంది. అది షడ్భుజిలో సగం. కంప్యూటర్ ఏమీ అరవలేదు, ఎర్ర అక్షరాలు రాలేదు. కానీ తప్పు కళ్లెదుట ఉంది. అప్పుడు విద్యార్థి లేచి నిలబడి, తనే తాబేలయినట్టు రెండడుగులు వేసి తిరిగి చూసుకుంటే తెలుస్తుంది: తాబేలు తిరగాల్సింది త్రిభుజం లోపలి కోణం కాదు, బయటి కోణం, 120. చుట్టూ తిరిగి మొదటికి వచ్చేసరికి మొత్తం తిరుగుడు 360. అయిదు కోణాల నక్షత్రానికైతే 144 చొప్పున అయిదుసార్లు, అంటే 720, రెండు చుట్లు. ఇంత గణితం ఒక తప్పు బొమ్మలోంచి ఊడిపడింది.

ఇలా ఒంటితో ఆలోచించడం కోసమే తాబేలును తెచ్చారు. సీమోర్ పాపర్ట్, వాలీ ఫోయర్జిగ్, సింథియా సోలమన్ 1967లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో లోగో భాషను తయారుచేశారు. అంతకుముందు పాపర్ట్ జెనీవాలో పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే దగ్గర పనిచేసి వచ్చిన గణితవేత్త. మొదట్లో తాబేలు తెర మీది బొమ్మ కాదు, కడుపులో పెన్ను పెట్టుకుని నేల మీద పరిచిన కాగితం మీద పాకే చిన్న యంత్రం. "రిపీట్ 4 [ఫార్వర్డ్ 100 రైట్ 90]" అంటే చతురస్రం పూర్తి. హెడర్ లేదు, దారి లేదు, చిరునామా లేదు. అరవై ఏళ్లు కావస్తున్నా తొలి పాఠానికి ఇంతకంటే తేలికైన వాక్యం ఎవరూ కనిపెట్టలేదంటే అతిశయోక్తి కాదు.

అలాగని అందరూ తాబేలుతో సరిపెట్టుకోలేదు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో ప్రాసెసింగ్ మొదలుపెట్టారు. చిత్రకారులకూ డిజైనర్లకూ కోడింగ్ నేర్పడం దాని ఉద్దేశం. దాని జావాస్క్రిప్ట్ రూపమే ఈనాటి పీ5. రెండింటిలోనూ సెటప్, డ్రా అని రెండు ఫంక్షన్లుంటాయి. సెటప్ ఒక్కసారి నడుస్తుంది, డ్రా సెకనుకు 60 సార్లు దానంతట అదే నడుస్తూ ఉంటుంది. మౌస్ వెంట పరిగెత్తే వలయం కావాలంటే ఒక్క వరుస చాలు. మెరుపులో టర్టిల్ దీని ముందు వెలవెలబోతుంది.

పాఠాల వరుస నిర్ణయించేవాళ్లు ఆగి చూడాల్సింది ఇక్కడే. ప్రాసెసింగ్‌లో బంతిని ఎడమ నుంచి కుడికి కదపమంటే, ఒకే పనిని పదేపదే చేయించే ఫర్ లూప్ అప్పుడే నేర్చుకున్న విద్యార్థి సహజంగా డ్రా లోపల ఫర్ లూప్ పెడతాడు: ఎక్స్ సున్నా నుంచి 400 దాకా, ప్రతిసారీ ఒక వలయం. నడిపితే బంతి కదలదు. 400 వలయాలూ ఒకదాని మీద ఒకటి పరుచుకుని లావుపాటి కడ్డీలా కనిపిస్తాయి. డ్రా మొత్తం ముగిశాకే తెర మారుతుంది కాబట్టి, లూప్ జరిగినంత సేపూ చూసేవాడికి ఏమీ కనిపించదు, ఫలితం ఒక్కటే కనిపిస్తుంది. బంతి కదలాలంటే లూప్ రాయకూడదు. ఎక్స్‌ను డ్రా బయట ప్రకటించి, లోపల ఒకటి చొప్పున పెంచాలి. ఆ ఎక్స్‌ను పొరపాటున డ్రా లోపలే ప్రకటిస్తే ప్రతి ఫ్రేములోనూ, అంటే డ్రా నడిచిన ప్రతిసారీ, మళ్లీ సున్నాకు వచ్చి బంతి ఉన్నచోటే నిలబడిపోతుంది.

టర్టిల్‌లో ఇది పూర్తిగా తిరగబడుతుంది. ఫర్ లూప్ ఒక్కో చుట్టూ తాబేలు ఒక్కో అడుగుగా కళ్ల ముందు జరుగుతుంది. మూడో చుట్టులో ఏం జరిగిందో వేలు పెట్టి చూపించవచ్చు. అంటే ఒకదాంట్లో లూప్ కనిపిస్తుంది, ఇంకోదాంట్లో లూప్ మాయమై దాని చోట కాలం కనిపిస్తుంది. వరుస, పునరావృతం, ఫంక్షన్ నేర్పే వారాలకు మొదటిది కావాలి. కాలంతో మారే విలువ, షరతులు, మౌస్, కీబోర్డు నేర్పే వారాలకు రెండోది. ఏది గొప్పదన్న వాదన ఎక్కడ చూసినా కనిపిస్తుంది గానీ, ఏది ముందన్నదే అసలు విషయం. ప్రాసెసింగ్‌తో మొదలుపెట్టే తరగతుల్లో లూపుల పాఠం కుంటుపడటానికి పిల్లల మందబుద్ధి కారణం కాదు, ఈ తేడాయే.

పైథాన్‌లో ఆటలు తయారుచేసే పైగేమ్ సంగతి మరీ గమ్మత్తు. కుర్రాళ్లకు ఆటలంటే ఇష్టం కాబట్టి పైగేమ్‌తో మొదలుపెడదామని చాలామంది ఉత్సాహపడతారు. 2000లో మొదలైన ఈ లైబ్రరీ అడుగున ఉన్నది తెర, శబ్దం, కీబోర్డు పనులు చూసే ఎస్‌డీఎల్ అనే మరో లైబ్రరీ. పనిమంతుడి చేతిలో అది చక్కగా పనిచేస్తుంది. కొత్తవాడికి మాత్రం ఒక్క వలయం కోసం విండో తెరవడం, ఆగని వైల్ లూప్, అందులో ఈవెంట్ల (మౌస్, కీబోర్డు కబుర్ల) వరుసను ఖాళీ చేయడం, తెర తుడవడం, గీయడం, గీసింది తెర మీదికి రావడానికి చివర ఫ్లిప్ అనడం ఇవన్నీ ఒక్కసారే నెత్తిన పడతాయి. ఫ్లిప్ మరిచిపోతే నల్లటి కిటికీ తెరుచుకుని ఊరుకుంటుంది. ఎర్రరూ లేదు, బొమ్మా లేదు. ఈవెంట్లు చదవడం మానేస్తే కాసేపటికి విండోస్ "నాట్ రెస్పాండింగ్" అంటుంది. అరిచే పనిముట్టును భరించవచ్చు. తప్పు బొమ్మ చూపించేదాన్ని దగ్గరికి తీసుకోవచ్చు. ఏమీ చెప్పకుండా నల్లగా కూర్చునేది మొదటి నెలలో పనికిరాదు. పైగేమ్ మీద మోజు తప్పదనుకుంటే పైగేమ్ జీరో కొంత నయం. ఆ చాకిరీ అంతా అది తెరవెనుక చేసేసి, డ్రా, అప్‌డేట్ రాసుకోమని వదిలేస్తుంది.

ఏం గీయించాలి అన్న దగ్గర పాఠ్యపుస్తకాలు ఇల్లు, చెట్టు, కారు దాటి పోవు. తెలుగు తరగతికి అంతకంటే మంచి సరుకు వాకిట్లోనే ఉంది. ముగ్గుల పుస్తకంలో బొమ్మ కింద ఒక్క ముక్క రాసి ఉంటుంది: "13 చుక్కలు, 7 వచ్చేవరకు, సందు చుక్క." ఇది ప్రోగ్రాముకు స్పెసిఫికేషన్ కాక మరేమిటి? నడిమి వరుసలో 13 చుక్కలు. పైకి పోయేకొద్దీ ఒక్కోటి తగ్గుతూ ఏడు దాకా, కిందికీ అంతే. ప్రతి వరుసా పక్క వరుసలోని రెండు చుక్కల సందులోంచి మొదలవుతుంది. బయటి లూపుకు వరుసలు, లోపలి లూపుకు చుక్కలు. వరుస మొదలయ్యే చోటు ప్రతిసారీ రెండు చుక్కల మధ్య దూరంలో సగం జరుగుతుంది. మొత్తం 13 వరుసలు, 127 చుక్కలు. లెక్క సరిచూసుకోవడం మరో చిన్న ప్రోగ్రాము.

ఇక్కడ పడే తప్పులు కూడా చూడముచ్చటగా ఉంటాయి. సగం జరపడం మరిచిపోతే ఎడమ అంచు గోడలా నిటారుగా నిలబడి, కుడివైపు మాత్రం మొన తేలుతుంది. ఇంట్లో ఎవరైనా ముగ్గు వేస్తుండగా చూసినవాళ్లు ఆ బొమ్మను ఒప్పుకోరు, ఉపాధ్యాయుడు చెప్పే పనే ఉండదు. రేంజ్ 7, 13 అని రాసి 13 దాకా వస్తుందనుకోవడం ఇంకో తప్పు. పైథాన్‌లో రేంజ్ చివరి అంకెను కలుపుకోదు కాబట్టి 12 దగ్గరే ఆగుతుంది. అక్కడినుంచి మళ్లీ 12తో దిగితే నడుమ రెండు 12 చుక్కల వరుసలు ఒకదాని కింద ఒకటి, సందు లేకుండా నిలుస్తాయి. నడుం విరిగిన ముగ్గు అది, చుక్కలు 114. ఒకటి తక్కువో ఒకటి ఎక్కువో అయ్యే ఈ పొరపాటు ప్రోగ్రామర్లను రిటైరయ్యేదాకా వదలదు. అంకెల జాబితాలో దాన్ని వెతికి పట్టుకోవడం కష్టం, ముగ్గులో కళ్లకు కొట్టినట్టు కనిపిస్తుంది. ముగ్గుకూ కంప్యూటర్ శాస్త్రానికీ చుట్టరికం కొత్తదేమీ కాదు. మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ, కమలా కృతివాసన్ 1974లోనే తమిళ కోలాలను (అక్కడి ముగ్గులను) వ్యాకరణ సూత్రాలుగా రాసి చూపించారు.

భాష విషయంలోనూ పైథాన్ ఒక వెసులుబాటు ఇస్తుంది, చాలామందికి తెలియదు. అందులో చలరాశుల పేర్లూ ఫంక్షన్ల పేర్లూ తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. టర్టిల్‌లోని ఫార్వర్డ్‌కు "ముందుకు" అనీ, లెఫ్ట్‌కు "ఎడమకు" అనీ మారుపేర్లు పెట్టి ఉపాధ్యాయుడు ఒక చిన్న ఫైలు తయారుచేసి ఇస్తే, పిల్లలు "ముందుకు(100)", "ఎడమకు(90)" అని రాయగలరు. ఫర్, ఇఫ్ లాంటి మాటలు మాత్రం ఇంగ్లిషులోనే ఉంటాయి. తెలుగు టైపింగులో పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా పెట్టే కనిపించని గుర్తు ఒకటుంది, అది పేరులో దూరితే పైథాన్ ఒప్పుకోదు. కాబట్టి అది అవసరం లేని మాటలే ఎంచుకోవాలి. ఇలా నేర్పడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. తెలుగు మాధ్యమం ఆరో తరగతిలో మొదటి వారానికి దీన్ని వాడి చూడటంలో నష్టమేమీ లేదు.

తెర మీద తెలుగు అక్షరాలు రాయించడం మరో పేచీ. పేరు రాయమంటే పిల్లలు తెలుగులోనే రాస్తారు. బ్రౌజరులో నడిచే పీ5లో వత్తులు, గుణింతాలు బ్రౌజరే చక్కగా కూర్చుతుంది. పైగేమ్ పాత పద్ధతిలో రాయిస్తే వత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడి "లక్ష్మి" అన్న పేరు విడిభాగాలుగా కనిపించే ప్రమాదం ఉంది. చిన్న సంగతే, కానీ తన పేరు ముక్కలైన తెరను చూసిన పిల్ల దాన్ని తొందరగా మరిచిపోదు.

నిరూపకాల దిశ సంగతి మొదటి రోజే చెప్పేస్తే మంచిది. టర్టిల్‌లో తెర నట్టనడుమ సున్నా, వై పైకి పెరుగుతుంది, గ్రాఫు కాగితం మీద లాగే. బీజీఐ, ప్రాసెసింగ్, పైగేమ్ మూడింటిలోనూ ఎడమ పై మూల సున్నా, వై కిందికి పెరుగుతుంది. లెక్కల మాస్టారు చెప్పిందే నిజమనుకునే పిల్లలకు పైకి ఎగరాల్సిన బంతి నేలలోకి దిగడం వింతగా ఉంటుంది.

సీ, సీ++ వదలలేని కాలేజీలకు దారి లేదా అంటే ఉంది. ఐఐటీ బొంబాయిలో ప్రొఫెసర్ అభిరామ్ రానడే తొలి ప్రోగ్రామింగ్ కోర్సు కోసం సింపుల్‌సీపీపీ అనే లైబ్రరీ రూపొందించారు. అందులో సీ++కు లోగో తరహా రిపీట్‌ను జోడించారు. రిపీట్ 4 అని, ముందుకు 100, కుడికి 90 అంటే మొదటి గంటలోనే చతురస్రం పడుతుంది. లూపుల అసలు వ్యాకరణం తర్వాత మెల్లిగా చెప్పుకోవచ్చు. మన సిలబస్ కమిటీలు దీన్నెందుకు పట్టించుకోలేదో అర్థం కాదు. మరీ సీ లోనే ఉండాలంటే రేలిబ్ అనే లైబ్రరీ ఉంది. రామోన్ సాంటమరియా 2013లో, కోడింగ్ రాని చిత్రకళా విద్యార్థులకు ఆటల తయారీ నేర్పడానికని మొదలుపెట్టాడు. కిటికీ తెరవడానికి వెడల్పు, ఎత్తు, పేరు చాలు. ఫోల్డరు దారీ వద్దు, చిరునామాలూ వద్దు. ఫ్రేముల లూప్ మాత్రం రాసుకోవాల్సిందే కాబట్టి, వైల్ నేర్చుకున్నాకే దాని జోలికి పోవాలి.

స్క్రాచ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2007 నుంచి ప్రపంచమంతా వాడుతోంది. దిమ్మెలు అతికించడమే తప్ప టైపు చేసే పని లేదు కాబట్టి అక్షర దోషాల బెడద లేదు. ఏడో తరగతి లోపు పిల్లలకు అదే సరైనది. ఇంటర్ పిల్లాడి ముందు పెడితే మాత్రం అందులోని పిల్లి బొమ్మ చూసి నవ్వి పక్కన పెట్టేస్తాడు.

ఇక ల్యాబులో తగిలే ముళ్లు. టర్టిల్ తరగతి మొదటి రోజున కనీసం ఒకరైనా తమ ఫైలుకు టర్టిల్ అనే పేరే పెడతారు. అప్పుడు ఇంపోర్ట్ టర్టిల్ అనగానే పైథాన్ అసలు మాడ్యూల్‌ను వదిలి ఆ పిల్లవాడి ఫైలునే తెచ్చుకుంటుంది, ఫార్వర్డ్ అనేదే లేదంటుంది. కోడ్ అక్షరాలా పక్కవాడిలాగే ఉంటుంది, పక్కవాడికి నడుస్తుంది, తనకు నడవదు. ఈ ఒక్క సంగతి ముందే బోర్డు మీద రాసిపెడితే అరగంట మిగులుతుంది. ఉబుంటులో టర్టిల్‌కు కిటికీ తెరిచి ఇచ్చే టీకేఇంటర్ విడిగా ఎక్కించాలి, ఇది తరగతికి ముందురోజే చూసుకోవాలి. బ్రౌజరులోనే పైథాన్ రాసుకోనిచ్చే గూగుల్ కొలాబ్‌లో మామూలు టర్టిల్ నడవదు. అక్కడ ప్రోగ్రాము నడిచేది ఎక్కడో తెర లేని సర్వరులో, తాబేలు నడవడానికి నేల ఉండదు. ఇంట్లో ఫోను తప్ప మరో యంత్రం లేని పిల్లలకు బ్రౌజరులో తెరుచుకునే పీ5 ఎడిటరే గతి. వాళ్లకు లూపుల పాఠం ఎలా చెప్పాలన్న చిక్కు అలాగే ఉంటుంది. డ్రాను ఒక్కసారే నడిపించే నోలూప్ అనే ఆదేశం వాడి, కదిలే బొమ్మల జోలికి పోకుండా కొన్ని వారాలు ముగ్గులతోనే గడపడం ఒక మార్గం.

బొమ్మలు పెట్టగానే బుర్రలు పదునెక్కుతాయన్న ఆశ కూడా ఎక్కువ పెట్టుకోకూడదు. న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీలో రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ 1980ల తొలి ఏళ్లలో లోగో నేర్చిన పిల్లలను పరీక్షించారు. ఇతర పనుల్లో ముందుచూపుతో ప్రణాళిక వేసుకోవడంలో వాళ్లు మిగతా పిల్లల కంటే మెరుగేమీ కాదని తేలింది. జార్జియా టెక్‌లో మార్క్ గజ్డియల్ 2003లో ఫొటోలు, శబ్దాలతో ప్రోగ్రామింగ్ నేర్పే కోర్సు ప్రారంభించాడు. కోర్సు మధ్యలో వదిలేసేవాళ్లు తగ్గారు. అయితే ఎక్కువ నేర్చుకున్నారనడానికి గట్టి ఆధారం దొరకలేదని తర్వాత ఆయనే రాశాడు. బొమ్మ విద్యార్థిని కుర్చీలో కూర్చోబెడుతుంది. కూర్చున్నాక ఏం అడిగారు, తప్పు బొమ్మ ముందు ఎంతసేపు ఆగనిచ్చారు అన్నది ఉపాధ్యాయుడి చేతిలో ఉంది.

టర్టిల్‌ను ఎప్పుడు వదలాలో కూడా ముగ్గే చెబుతుంది. 127 చుక్కలు ఒక్కొక్కటే పెడుతూ తాబేలు నత్తనడక నడుస్తుంటే, రెండో మూడో వారానికి ఎవరో ఒకరు విసుక్కుంటారు: ఇదంతా చూపించకుండా ఒక్కసారే వేసెయ్యదా అని. వేస్తుంది. గీయడాన్ని కళ్లకు చూపించే ట్రేసర్‌కు సున్నా ఇచ్చి, అన్నీ గీశాక అప్‌డేట్ అంటే ముగ్గు ఒక్క వేటున ప్రత్యక్షమవుతుంది. అప్‌డేట్ మరిచిపోతే తెర ఖాళీగా ఉండిపోవచ్చు. పైగేమ్‌లో ఫ్లిప్ మరిచిపోతే వచ్చే ఖాళీయే ఇది. కాకపోతే ఈసారి దాని వెనక ఏముందో ఆ విద్యార్థికి తెలుసు, ఎందుకంటే ఆ ఖాళీని కోరి తెచ్చుకున్నది తనే. ఆ మర్నాటి తరగతిలో డ్రా ఫంక్షన్ తెరవొచ్చు.